పెట్టెలోని పతకాలు

ఈ నెల మీతో ఒక ఇంటి సంగతి ముచ్చటించాలని అనుకుంటున్నాం. ఆ ఇల్లు ఎక్కడో లేదు, మన తిరుపతిలోనే ఉంది. ఆ ఇంటివారు తమ సంగతి రాయడానికి ఒప్పుకున్నారు. పేర్లు మాత్రం రాయవద్దన్నారు. కనుక రాయడం లేదు.

ఆ ఇంటి పెద్దాయన సైన్యంలో పదహారేళ్ళు పనిచేసి వచ్చినవాడు. చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, అంటే 1963లో, పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో చేరాడు. 1965 యుద్ధాన్నీ 1971 యుద్ధాన్నీ చూశాడు. ఆయన చనిపోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడికకు ఇల్లు సర్దుతూ, డిగ్రీ చదువుతున్న మనుమడు అటక మీదున్న నల్ల ట్రంకు పెట్టె దించాడు. దాని తాళంచెవి ఎవరి దగ్గరా లేదు. చివరకు తాళం పగలగొట్టారు.

పైన ఒక పాత ఉన్ని కోటు ఉంది. దాని కింద చేతిగుడ్డలో మూటకట్టిన నాలుగు పతకాలు ఉన్నాయి. 1965 నాటి రక్షా మెడల్, 1971 నాటి పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్యం వచ్చి ఇరవై అయిదేళ్ళయిన సందర్భంగా ఇచ్చిన మరొక పతకం. పట్టీల రంగులు వెలిసిపోయాయి. కుర్రవాడు వాటిని కొంచెం చింతపండుతో తోమి, వెలుగులో పెట్టి చూశాడు. అంచు మీద సన్నని అక్షరాలలో నెంబరు, హోదా, ఆ తరువాత తన తాత పేరు చెక్కి ఉన్నాయి. ఆ పేరు చదివి వాడు ఎగిరి గంతేశాడు. ఇంట్లో ఇంత గొప్ప సంగతి ఉంటే ఎవరూ ఎందుకు చెప్పలేదని అందరినీ అడిగాడు.

ఎవరూ జవాబు చెప్పలేదు. పెట్టె అడుగున మరొకటి ఉంది. అది డిశ్చార్జి బుక్కు. సైన్యంలో ఉన్నవారికి రెడ్ ఇంక్ ఎంట్రీ అంటే ఏమిటో తెలుసు. తప్పుచేసి పెద్ద శిక్ష పొందితే రికార్డులో ఎర్రసిరాతో రాస్తారు. అటువంటివి ఈయన పుస్తకంలో రెండు ఉన్నాయి. ఒకటి తాగి డ్యూటీకి వచ్చినందుకు, రెండవది సెలవు అయిపోయినా తిరిగి వెళ్ళనందుకు. ఆ పుస్తకంలోనే కొన్ని ఇన్‌లాండ్ లెటర్లు మడిచి ఉన్నాయి. చదువురాని భార్య పక్కింటివారి చేత రాయించినవి. అన్నింటిలోనూ ఒకటే మాట: పిల్లలకు జ్వరం, చేతిలో పైసా లేదు, మనియార్డరు పంపండి.

ఇల్లు రెండుగా చీలింది. పెద్దకొడుకు ఆ నాలుగు పతకాలనూ అద్దం పటం కట్టించి, కూడికనాడు హాల్లో పెట్టాలన్నాడు. "ఏం చేసినా మన నాయన దేశం కోసం నిలబడినోడు" అన్నాడు. కూతురు ఒప్పుకోలేదు. పదవ తరగతి పరీక్ష ఫీజుకని అమ్మ దాచిన డబ్బు తండ్రి తాగేసిన రోజు ఆమెకు నిన్నటిలా గుర్తుంది. "ఆ పటం గోడకు తగిలిస్తే నేను ఈ గడప తొక్కను" అంది. ఇద్దరూ మా దగ్గరకు వచ్చి, "మీరే చెప్పండి" అని కూర్చున్నారు.

నిజం చెప్పాలంటే మా దగ్గర తయారుగా జవాబు లేదు. నాలుగు రోజులు గడువు అడిగాం. ఆ నాలుగు రోజుల్లో మేము చదివినదీ తలపోసినదీ మీ ముందు పెడుతున్నాం. ఎందుకంటే పెట్టెలో పతకం లేకపోయినా, గొప్ప పేరూ దాచిన తప్పూ ఒకే మనిషిలో ఉన్న ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి.

ముందుగా పతకం అంటే ఏమిటో చూద్దాం. సైన్యంలో ఇచ్చేవి స్థూలంగా రెండు రకాలు. ఒకటి, ఫలానా యుద్ధకాలంలో ఫలానా చోట సేవలో ఉన్నందుకు ఇచ్చేది. మన పెద్దాయనకు వచ్చినవి ఇలాంటివే. రెండవది, ఒకానొక సాహసకృత్యానికి ఇచ్చేది. 1950 జనవరి 26న మన ప్రభుత్వం నెలకొల్పిన పరమవీరచక్ర, మహావీరచక్ర, వీరచక్రలు ఈ కోవకు చెందినవి. ఏ రకమైనా, అది ఒక కాలానికో ఒక గడియకో సాక్ష్యం చెబుతుంది. ఆ మనిషి ఇంటికి వచ్చాక భార్యతో ఎలా మాట్లాడాడో, జీతం ఏం చేశాడో దానికి తెలియదు. దాన్ని అడగకూడని ప్రశ్న అడిగి, అది జవాబు చెప్పలేదని మనం కోపగిస్తున్నామేమో!

ఈ చిక్కు మామూలు సిపాయిలకే కాదు, పెద్ద సేనానులకూ ఉంది. మన ప్రాంతానికి దగ్గరలోనే జరిగిన ఒక చరిత్ర చూడండి.

హెక్టర్ మన్రో అని స్కాట్లండు దేశస్థుడు ఒకడు ఈస్టిండియా కంపెనీ కొలువులో పోరాడాడు. 1764లో పాట్నా ప్రాంతంలో కంపెనీ సిపాయిలు తిరుగుబాటు చేశారు. ఆ రోజుల్లో ఉత్తరాదిన కంపెనీ సిపాయిలను "తిలంగా"లని పిలిచేవారు. మొదట మద్రాసు నుండి వెళ్ళిన సిపాయిలలో తెలుగువారు ఉండటం వల్ల వచ్చిన పేరది. పారిపోతున్న ఒక పటాలాన్ని మన్రో పట్టి తెప్పించి విచారణ జరిపించాడు. 24 మందిని ఫిరంగి నోటికి కట్టి పేల్చివేయాలని శిక్ష పడింది. మొదట కొందరిని ఫిరంగులకు కడుతుండగా నలుగురు గ్రెనడియర్లు ముందుకు వచ్చారు. యుద్ధంలో కుడివైపున ఉండే గౌరవస్థానం ఎప్పుడూ తమదేనని, చావులోనూ ఆ స్థానం తమకే ఇవ్వాలని అడిగారు. అలాగే ఇచ్చారు. చూస్తున్న తెల్ల సైనికుల కళ్ళలో నీళ్ళు తిరిగాయని అక్కడున్న ఒక అధికారి రాశాడు.

కొద్దివారాలకే, 1764 అక్టోబరులో, అదే మన్రో బక్సారు దగ్గర మూడు సైన్యాలను ఓడించాడు. బెంగాలు నవాబు పదవి పోగొట్టుకున్న మీర్ ఖాసిం, అవధ్ నవాబు షుజాఉద్దౌలా, మొగలు చక్రవర్తి షా ఆలం అటువైపు ఉన్నారు. ఆ గెలుపు ఫలితంగా మరుసటి ఏడు బెంగాలు దివానీ కంపెనీ చేతికి వచ్చింది. మన కోస్తా జిల్లాలైన ఉత్తర సర్కారులకు ఫర్మానా కూడా 1765లోనే షా ఆలం ఇచ్చాడు. ఒక్కరోజు యుద్ధం ఎంత దూరం పోయిందో చూడండి.

తరువాత మన్రో స్వదేశం వెళ్ళి పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1778లో మద్రాసు సైన్యాధిపతిగా తిరిగి వచ్చి, ఆ ఏడే ఫ్రెంచివారి నుండి పుదుచ్చేరి పట్టుకున్నాడు. దానికి ప్రతిఫలంగా 1779లో రాజు అతనికి "నైట్ ఆఫ్ ది బాత్" అనే గౌరవం ఇచ్చాడు. ఎర్ర పట్టీ, రొమ్ముపై నక్షత్రం, పేరుకు ముందు "సర్".

ఎర్ర పట్టీ వచ్చిన మరుసటి ఏడే అసలు పరీక్ష ఎదురైంది. 1780 జులైలో హైదరాలీ పెద్ద సైన్యంతో కనుమలు దిగి కర్ణాటకం మీద పడ్డాడు. కంపెనీ సైన్యంలో ఒక భాగం కర్నల్ బెయిలీ కింద మన గుంటూరు సీమలో ఉంది. దానిని మద్రాసుకు రప్పించి అక్కడ అందరూ కలవడం మేలని కొందరు చెప్పారు. మన్రో వినలేదు. కాంచీపురంలో కలవాలన్నాడు. అటు బెయిలీ దక్షిణానికి నడిచి కొర్తలయ్యారు ఏటి ఒడ్డుకు వచ్చాడు. నీరు తక్కువగా ఉన్న ఆ సాయంత్రం దాటకుండా ఇవతలే గుడారాలు వేశాడు. రాత్రికి రాత్రి ఏరు పొంగింది. దాటడానికి వారానికి పైగా పట్టింది.

సెప్టెంబరు 6న టిప్పు పెరంబాకం దగ్గర బెయిలీని అడ్డగించాడు. ఫిరంగుల మోత కాంచీపురంలో మన్రోకు వినబడింది. అయినా అతడు తన మొత్తం సైన్యంతో కదలలేదు. కాంచీపురంలోని ధాన్యం శత్రువు పాలవుతుందని జంకాడు. కర్నల్ ఫ్లెచర్‌తో సుమారు వెయ్యి మందిని మాత్రం పంపాడు. సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర హైదరూ టిప్పూ కలిసి బెయిలీ సైన్యాన్ని చుట్టుముట్టారు. మందుగుండు బండ్లు పేలిపోయాయి. దాదాపు మూడు వేల ఎనిమిది వందల మందిలో చాలామంది చనిపోయారు, మిగిలినవారు చిక్కిపోయారు. ఆ రోజు మన్రో బయలుదేరి కొంత దూరం వచ్చాడు. ఓడిపోయారని తెలిసి వెనక్కు తిరిగాడు. పెద్ద ఫిరంగులను కాంచీపురంలోని కోనేటిలో పడవేయించి, మద్రాసుకు వెళ్ళిపోయాడు. చెరలో పడిన బెయిలీ 1782లో శ్రీరంగపట్టణంలోనే చనిపోయాడు. ఆ యుద్ధాన్ని శ్రీరంగపట్టణం దరియా దౌలత్ గోడల మీద బొమ్మలుగా వేయించారు. నేటికీ చూడవచ్చు.

దాని ఫలితం మన సీమ అనుభవించింది. చిత్తూరు మీదుగా సైన్యాలు అటూ ఇటూ నడిచాయి. తిరుపతి పక్కనున్న చంద్రగిరి కోట 1782లో హైదరు వశమైంది. ఆ ఏడు డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలో హైదరాలీ కన్నుమూశాడు.

మరి మన్రో సంగతి? ఎర్ర పట్టీ ఎవరూ తీసివేయలేదు. బెంగాలు నుండి సర్ అయర్ కూట్ వచ్చి సైన్యాధిపత్యం తీసుకున్నాడు. మన్రో అతని కింద పనిచేశాడు, ఇద్దరికీ పడలేదు. 1781 చివర డచ్చివారి నాగపట్నం పట్టుకుని, మరుసటి ఏడు స్వదేశం వెళ్ళిపోయాడు. అక్కడ ఫైరిష్ అనే కొండ మీద నాగపట్నం కోట ద్వారం పోలికలో ఒక పెద్ద రాతి కట్టడం కట్టించాడు. కరువుతో ఉన్న ఊరివారికి కూలి దొరకడానికే కట్టించాడని చెబుతారు. అదీ ఆ మనిషిలోని గుణమే. అయితే ఒకటి గమనించండి. కొండ మీద నాగపట్నం ఉంది, పొల్లిలూరు లేదు.

ఇదంతా ఎందుకు చెప్పామంటే, మనమూ మన ఇళ్ళలో ఇదే పని చేస్తున్నాం. గెలిచిన ఊరి ద్వారం మాత్రమే కొండ మీద కడుతున్నాం. ఓడిన ఊరి పేరు ఎత్తనివ్వడం లేదు.

పెద్దకొడుకుకు ఈ మాట సరే. మరి కూతురు అడిగినదో? తప్పు చేసినవాడి పతకం తీసేయాలి గదా అంటుంది ఆమె. లోకం ఆ పని కూడా చేసి చూసింది.

ఇంగ్లండులో విక్టోరియా క్రాస్ అన్నింటికన్నా పెద్ద సాహస పతకం. 1861 నుండి 1908 వరకు ఎనిమిది మంది దగ్గర, వారు తరువాత చేసిన నేరాల కారణంగా, దానిని వెనక్కు తీసుకున్నారు. వారిలో జేమ్స్ కాలిస్ ఒకడు. 1880 జులైలో ఆఫ్ఘనిస్తానంలోని మైవాండ్ దగ్గర ఓడి వెనక్కు వస్తున్నప్పుడు, గాయపడినవారితో ఉన్న ఫిరంగిబండి మీద గుండ్లు పడుతుంటే, ఇతడు ముందుకు పరుగెత్తి శత్రువు గురి తన వైపు తిప్పుకున్నాడు. 1881లో పూనాలో పతకం అందుకున్నాడు. తరువాత బొంబాయి పోలీసులో పనిచేసి అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. స్వదేశం వెళ్ళాక, భార్య ఉండగానే మరొక స్త్రీని పెళ్ళాడాడు. 1895లో జైలుశిక్ష పడింది, పతకం పోయింది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి అరవైకి దగ్గర పడుతున్నా మళ్ళీ సైన్యంలో చేరాడు. ఆరోగ్యం చెడి ఇంటికి పంపారు. 1918లో చనిపోయాడు. లండనులో అతని సమాధికి ఎనభై ఏళ్ళ వరకు పేరు రాసిన రాయి కూడా లేదు.

అతని అక్కచెల్లెళ్ళలో ఒకామె ప్రభుత్వానికి మొర పెట్టుకుంది. అప్పటి రాజు అయిదవ జార్జి 1920లో తన అభిప్రాయం రాయించాడు. ఈ పతకం పొందినవాడు ఎటువంటి నేరం చేసినా పతకం తీసివేయకూడదని, హత్యకు ఉరిశిక్ష పడినా ఉరికంబం మీద దానిని ధరించనివ్వాలని దాని సారాంశం. ఆ మాట మొదట మాకు కటువుగా తోచింది. తరువాత ఆలోచిస్తే న్యాయమే అనిపించింది. అతడు రెండో పెళ్ళి చేసుకున్నాడని ఆ బండిలో బతికినవారు చనిపోయినవారు కారు గదా. అలాగని ఆ బండిని కాపాడాడని మొదటి భార్య కన్నీరు లేనిదీ కాదు. ఒక లెక్కలో జమ చేసి, ఇంకో లెక్కలో కొట్టివేయడానికి ఇది అంగడి చిట్టా కాదు.

మన పరిశుద్ధ గ్రంథం ఈ విషయంలో ఏం చేసిందో మీలో చాలామంది గమనించే ఉంటారు. రెండవ సమూయేలు 23వ అధ్యాయంలో దావీదు రాజు శూరుల జాబితా ఉంది. ముప్పది యేడుగురు. ఎవరు బావి నీళ్ళు తెచ్చారో, ఎవరు సింహాన్ని చంపారో గౌరవంగా రాసి ఉంది. ఆ జాబితాలో కడపటి పేరు హిత్తీయుడైన ఊరియా. దావీదు ఎవరి భార్యను తీసుకుని, ఎవరిని యుద్ధంలో ముందు నిలబెట్టించి చంపించాడో, ఆ ఊరియా. రాజుగారి కీర్తిపత్రంలోనే రాజుగారి పాపం పేరుతో సహా రాసి ఉంది. రాసినవారు ఆ పేరు వదిలేసి ఉంటే ఎవరు అడిగేవారు? వదిలేయలేదు. దావీదు శూరత్వాన్నీ కొట్టివేయలేదు.

నాలుగు రోజుల తరువాత మేము ఆ ఇంటికి వెళ్ళాం. ఇవన్నీ చెప్పాం. పెద్దకొడుకూ కూతురూ తలలు వంచుకుని విన్నారు గాని, ఎవరి పట్టు వారు వదలలేదు. అప్పటిదాకా వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్న అవ్వ చేట పక్కన పెట్టి లోపలికి వచ్చింది. ఆమెకు డెబ్బయి దాటాయి. ముగ్గురు బిడ్డలను ఇడ్లీలు అమ్మి పెంచిన మనిషి.

"ఆ మెడల్సు నాకు తెలీవని అనుకుంటా ఉండారా?" అంది. "పెట్టెలో పెట్టింది నేనే. ఆ బుక్కు కింద పెట్టిందీ నేనే. మీ నాయన దాన్ని కాల్చేయమన్నాడు. నేను కాల్చలేదు."

ఎందుకు కాల్చలేదవ్వా అని మనుమడు అడిగాడు.

"అదీ ఆయనదే కదరా. నేను పడిన కష్టానికి అదొక్కటే కదా సాక్ష్యం" అంది.

కూతురు ఏడ్చింది. నలభై ఏళ్ళలో తల్లి ఆ మాట అనడం ఆమె వినడం అదే మొదటిసారి. ఇంట్లో అందరూ నాన్నను వెనకేసుకొస్తున్నారని, తల్లి కూడా మరచిపోయిందని ఆమె ఇన్నాళ్ళూ బాధపడింది. ఆమెకు కావలసింది పతకాలు పారవేయడం కాదు, జరిగింది జరిగిందని ఇంట్లో ఒకరు ఒప్పుకోవడం. ఇది మాకూ అప్పుడే అర్థమైంది.

కూడికనాడు పటం పెట్టారు. పలమనేరు నుండి ఆయనతో పనిచేసిన ఒక ముసలి సైనికుడు వచ్చాడు. 1971 డిసెంబరులో తూర్పున బురదనేలలో తనకు కాలికి గుండు తగిలితే, ఈయన భుజాన వేసుకుని మోసుకొచ్చాడని చెప్పాడు. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు. తరువాత పెద్దకొడుకు లేచి, తండ్రి తాగుడు వల్ల తల్లీ చెల్లెలూ పడిన బాధ గురించి నాలుగు మాటలు చెప్పాడు. గొంతు వణికింది. అయినా చెప్పాడు. వచ్చినవారిలో ఒకరిద్దరు చనిపోయినవారి గురించి ఇలా మాట్లాడవచ్చా అని గొణిగారు. కూతురు మాత్రం వెళ్ళి అన్న పక్కన నిలబడింది.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లో కూడా ఇటువంటి పెట్టె ఉండవచ్చు. అందులో ఉన్నది పతకమే కానక్కరలేదు. ఉత్తమ ఉపాధ్యాయుడి సర్టిఫికెట్టు కావచ్చు, సంఘపెద్దగా కప్పిన శాలువా కావచ్చు. దానిని దాచవద్దు, దాని అడుగునున్నది కాల్చవద్దు. పిల్లలు వయసుకు వచ్చాక రెండూ చూపించండి. బాధపడినవారు బతికి ఉంటే ముందు వారిని అడగండి, వారి మాట విన్న తరువాతే పటం కట్టించండి.

ఆ మనుమడు ఈ మధ్య మా దగ్గరకు వచ్చాడు. సైన్యంలో చేరడానికి దరఖాస్తు పెట్టానన్నాడు. అవ్వ ఏమందని అడిగాం. "పో నాయనా, మనియార్డరు మాత్రం మరిచిపోవద్దు" అందట. ఇప్పుడు మనియార్డర్లు ఎక్కడున్నాయి, డబ్బు ఫోనులోనే పంపుతున్నారు గదా అని వాడు నవ్వుతూ చెప్పాడు. అయినా ఆ మాట వాడికి అర్థమైందని మేము గ్రహించాం.